నలభై ఐదు రోజుల తుపాకి

సుచిత్ర అన్న పేరు విని, అక్కడేదో బొమ్మల కొలువో చిత్రశాలో ఉంటుందని బయలుదేరిన వారికి ఆశాభంగం తప్పదు. అక్కడ ఉన్నది ఒక కూడలి. సికిందరాబాదు నుంచి నాగపూరు పోయే పెద్ద రోడ్డు, అంటే 44వ నంబరు జాతీయ రహదారి, బోయినపల్లి దాటి ఉత్తరంగా పోతూ ఇక్కడ ఒక అడ్డరోడ్డును కలుస్తుంది. ఎడమకు తిరిగితే జీడిమెట్ల కర్మాగారాలు. కుడికి తిరిగితే లయోలా కాలేజీ, పాత అల్వాలు, బొల్లారం. తిన్నగా పోతే కొంపల్లి పెళ్ళిమందిరాలు, ఆ పైన మేడ్చల్. లారీల హోరులో మనిషి మాట మనిషికి వినపడని ఈ కూడలి నుంచి ఒక ఉదయం నేను పాత రైఫిలు ఒకటి కొందామని షామీర్‌పేట వైపు బయలుదేరాను.

సుచిత్ర నుంచి షామీర్‌పేట పట్టున ఇరవై కిలోమీటర్లు ఉండదు. కాని ఈ ప్రయాణం నిజానికి మొదలైంది అమెరికాలో. ముందు ఆ సంగతి చెప్పాలి.

రెండేళ్ళ క్రిందట మా మేనల్లుణ్ణి చూడటానికి డల్లాసు వెళ్ళాను. నాకు గురి సాధన సరదా ఉన్నదని వాడికి తెలుసు. ఒక శనివారం, ‘మామయ్యా, నీకు తిరునాళ్ళు చూపిస్తాను రా’ అని కారెక్కించుకుని తుపాకుల సంతకు తీసుకుపోయాడు. మన పశువుల సంతలో పాకలన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చినట్టున్నది ఆ హాలు. వరుసలు వరుసలుగా బల్లలు. బల్లల నిండా తుపాకులు. ప్రతి దానికీ దారం కట్టి ధర చీటీ. పేలకుండా బోల్టుల సందున ప్లాస్టిక్ పట్టీలు బిగించారు. చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చిన ఇల్లాళ్ళూ ఉన్నారు, మొక్కజొన్న పేలాలు అమ్మేవారూ ఉన్నారు.

అక్కడ యాభై ఏళ్ళు దాటి, తయారైనప్పటి రూపు చెడని తుపాకికి ఒక ప్రత్యేక గౌరవం ఉన్నది. వాటిని పురావస్తువుల కింద లెక్కగట్టి సేకరించేవారికి వేరే లైసెన్సు ఉన్నది. వ్యాపారి దగ్గర కొంటే కొనేవాడి పూర్వోత్తరాలు విచారిస్తారు. టెక్సాసులో ఒక గృహస్థు మరొక గృహస్థుకు అమ్ముకుంటే ఆ విచారణ కూడా అక్కరలేదు. నాలాగా చుట్టపుచూపు వీసా మీద వచ్చినవాడు మాత్రం చూసి రావలసిందే. అక్కడే శాశ్వత నివాసం పొందిన మా మేనల్లుడు కొనుక్కోవచ్చు. వాడికి సరదా లేదు. సరదా ఉన్న నాకు హక్కు లేదు.

తిరుగుతూ తిరుగుతూ ఒక బల్ల దగ్గర ఆగిపోయాను. మోటుగా, దిట్టంగా ఉన్న సైనిక రైఫిలు. మడమ దగ్గరి ఇనుప పట్టీ మీద అక్షరాలు చదివితే ఒళ్ళు జలదరించింది. 2ఎ1, 7.62 మిల్లీమీటర్లు, ఆర్.ఎఫ్.ఐ., 1966. మన ఇషాపూరు రైఫిళ్ళ కర్మాగారంలో మన సైన్యం కోసం చేసినది! కాలం చెల్లిన తరువాత ఓడలెక్కి ఇక్కడికి వచ్చింది. ఆ కొలత మన దేశంలో నిషిద్ధ జాతి కిందికి వస్తుంది. చేసిన దేశంలో సామాన్య పౌరుడు ముట్టుకోలేని తుపాకి, పరాయి దేశంలో బల్ల మీద ధర చీటీతో పడుకుని ఉన్నది.

మాతో వచ్చిన మా మేనల్లుడి స్నేహితుడొకడు నా ముఖం చూసి నవ్వాడు. అతనిది షామీర్‌పేటకూ మేడ్చల్‌కూ నడుమ ఒక పల్లె. ‘అంకుల్, పాత రైఫిలు కావాలంటే మా నాయిన దగ్గర ఉన్నది. తాతలనాటిది. నాకు వద్దు. మీరే కొనుక్కోండి’ అన్నాడు.

‘ఇన్ని తుపాకుల నడుమ నిలబడి మీ ఇంటి తుపాకి వద్దంటావేమిటోయ్?’ అన్నాను.

‘ఇక్కడ కొనడం తేలిక అంకుల్. అక్కడ ఉంచుకోవడం కష్టం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాయిన దాన్ని భుజానికి తగిలించుకుని ఠాణాకు పోయి అప్పజెప్పేవాడు. అయిపోయినాక మళ్ళీ తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. ఇక్కడి నుంచి నేను ఆ పని చేయగలనా?’ అన్నాడతను.

ఆ మాట నాకు గుచ్చుకున్నది. కొనడం వేరు, ఉంచుకోవడం వేరు.

మన దేశంలో తుపాకుల సంత లేదు, ఉండదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాడు లైసెన్సు ఉన్నవాడికే అమ్మాలి. అదీ చేతికి చెయ్యి కాదు. అమ్మదలచుకున్న సంగతి ముందుగా అధికారులకు వ్రాసి ఇచ్చి, నలభై ఐదు రోజులు ఆగాలి. 2019లో చట్టం సవరించి, ఒక మనిషికి మూడు తుపాకులుండవచ్చునన్న దాన్ని రెండుకు తగ్గించారు. నా లైసెన్సులో అప్పటికే ఒక .22 రైఫిలు ఉన్నది. గురి సాధనకు కొనుక్కున్నది. ఇక మిగిలింది ఒక్క చోటే. ఆ చోటికి కమిషనరేటు చుట్టూ తిరిగి అనుమతి సంపాదించేసరికి ఏడాది దాటింది. అంచేత, ఏ తుపాకిని తెచ్చుకున్నా అదే ఆఖరుది. పొరపాటు పడటానికి వీల్లేదు.

ఇదీ నా ప్రయాణానికి పూర్వరంగం.

కూడలి నుంచి కుడివైపు బస్సెక్కి, లయోలా కాలేజీ, పాత అల్వాలు దాటి, కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద బస్సు మారాను. ఈ ప్రాంతమంతా బొల్లారం నీడన పెరిగినదే. నిజాము ఖర్చుతో ఇంగ్లీషువారు నడిపిన హైదరాబాదు కంటింజెంటు దండు ఇక్కడే విడిసింది. రెసిడెంటు దొర విడిదిగా కట్టిన బంగళాయే నేటి రాష్ట్రపతి నిలయం. దండు ఉన్నచోట తుపాకులుంటాయి. ఇంగ్లీషు అధికారులు స్వదేశం పోతూ కుర్చీలు, పింగాణీ సామానుతో బాటు వేట తుపాకులను కూడా అమ్మిపోయేవారు. మన పల్లెటూళ్ళ పటేళ్ళ ఇళ్ళలో బర్మింగ్‌హాం తుపాకులు కనపడటానికి అది ఒక కారణం.

హకీంపేటలో వైమానిక దళం వారి ప్రహరీ పక్కగా చాలాసేపు పోయాము. తూముకుంట దాటాక గాలి మారింది. షామీర్‌పేట చెరువు కట్ట మీదికి వచ్చేసరికి ఎండ నీళ్ళ మీద తళతళలాడుతున్నది. ఆ దాపులనే జవహర్ జింకల పార్కు. ఒకప్పుడు ఈ మిట్టల మీద విచ్చలవిడిగా తిరిగిన కృష్ణజింకలు ఇప్పుడు ఆ కంచె లోపల చూడవలసినవే. ఆ పక్కన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. ఆయుధాల చట్టం చదువుకోవలసిన పిల్లలందరూ అక్కడే ఉన్నారు గదా, ఒకణ్ణి వెంట తీసుకుపోదామా అనిపించింది!

ఊళ్ళోకి ఆటోలో పోయాను. ముందుగా ఫోను చేసి చెప్పినందువల్ల పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లని పంచె, చేతికర్ర, కంటికి మందపాటి అద్దాలు.

‘రాండ్రి సారు. మా పిల్లగాడు ఫోన్ల చెప్పిండు. ముందుగాల చాయ తాగుండ్రి, తర్వాత తుపాకి’ అన్నాడు.

చాయ తాగాక లోపలి గది తాళం తీసి, గోనెగుడ్డలో చుట్టిన రైఫిలును పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చాడు. తీసి చూస్తే బి.ఎస్.ఎ. వారిది. మనకు బి.ఎస్.ఎ. అంటే సైకిలు, కాని 1861లో బర్మింగ్‌హాంలో ఆ కంపెనీ పుట్టినది తుపాకులు చేయడానికే. మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుండే గుర్తు వారిది. ఈ రైఫిలు మీద ఆ గుర్తు చెక్కుచెదరలేదు.

కొలత .315. ఈ కొలత పుట్టుకలోనే మన చరిత్ర కొంత ఉన్నది. సైన్యం వాడే .303 తూటాలు దొంగతనంగా బయటికి పోతాయన్న భయంతో, ఇరవయ్యో శతాబ్ది మొదట్లో తెల్లవారి ప్రభుత్వం ఆ కొలతను ఇక్కడి పౌరులకు లేకుండా చేసింది. అప్పుడు తుపాకులు చేసేవారు, తమ రైఫిళ్ళకు ఆస్ట్రియా దేశపు ఎనిమిది మిల్లీమీటర్ల తూటా అమర్చి మనకు అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చాక మన ఇషాపూరు కర్మాగారం కూడా ఆ కొలతలోనే వేట రైఫిలు చేసింది. అందుచేత ఈ తుపాకికి తూటాలు ఈనాటికీ మన దేశంలోనే తయారవుతున్నాయి. ఎంతో పేరున్న విదేశపు రైఫిళ్ళు తూటా దొరకక మూగవైపోయాయి. 1980ల నడుమ నుంచి సామాన్యులకు తుపాకుల దిగుమతి ఆగిపోయింది గనుక, ఉన్నవాటికి ధర పెరిగిందే గాని నోరు రాలేదు.

పాత తుపాకిని పరీక్షించడం పాత ఎద్దును కొనడం వంటిదే. ముందు నోరు చూడాలి. బోల్టు ఊడదీసి, గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి వెనకనుంచి చూశాను. లోపలి గాళ్ళు మెలికలు తిరుగుతూ స్పష్టంగా ఉన్నాయి. తూటా గదికి దగ్గరలో మాత్రం పొగచూరిన మచ్చలు నాలుగు. ఊచ పెట్టి అడ్డదిడ్డంగా తుడిస్తే గొట్టం మూతి అరిగి గురి చెడిపోతుంది. ఇక్కడ మూతి గుండ్రంగా, పదునుగా ఉన్నది. తరువాత కొయ్య. వాల్‌నట్ కర్ర చేతి చెమటకు నల్లబడింది గాని, బోల్టు వెనక సాధారణంగా వచ్చే పగులు రాలేదు. కొందరు పాత తుపాకిని కొత్తగా కనిపించాలని గరుకు కాగితంతో రుద్ది రంగు పెడతారు. అప్పుడు చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారతాయి. తెలిసినవాడు అటువంటిదానికి సగం ధర కూడా పెట్టడు. ఇక్కడ ప్రతి అక్షరమూ చేతికి తగులుతున్నది. కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. అన్న ముద్రలున్నాయి. 1904 నుంచి బర్మింగ్‌హాం పరీక్షాశాల వారు వేసిన ముద్రలివి. అంటే తుపాకి అంతకంటె పాతది కాదు. పనిచేసే తుపాకి ఎంత పాతదైనా తుపాకియే. బాగుచేసినా పేలని పాతకాలపు దానికే చట్టంలో మినహాయింపు.

‘ఎట్లుంది సారు?’ అన్నాడు పెద్దాయన.

‘మీరు బాగా చూసుకున్నారు పటేలా’ అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. ‘మా నాయిన బొల్లారంల ఒక దొర తాన కొన్నడు. నేను గూడ వేటాడిన. ఈ చెరువు అవతల మిట్ట మీద ఒకనాడు పొద్దుగూకంగ ఒక జింకను కొట్టిన. దగ్గరికి పోయి చూస్తే ఆడిది, సూడిది. ఆ దినం ఇంటికొచ్చి తుపాకి మూలకు పెట్టిన. చట్టం 1972ల వచ్చింది. చట్టం వచ్చినంక పటేలు వేట మానిండని ఊరోళ్ళంటరు. నేను ఒక ఏడు ముందే మానిన సారు.’

కొంచెం సేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత లైసెన్సు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అక్కడ వచ్చింది చిక్కు. తుపాకి మీద, బోల్టు మీద ఉన్న నంబరు చివర 7. పుస్తకంలో చివర 1. ఎప్పుడో చేత్తో వ్రాసిన పాత పుస్తకం నుంచి కొత్తదానికి ఎక్కించేటప్పుడు ఎవరో ఏడు తల గమనించలేదు. అంతటి నుంచి ప్రతిసారీ అదే తప్పు. కాగితం మీద ఉన్న తుపాకి లోకంలో లేదు. లోకంలో ఉన్న తుపాకి కాగితం మీద లేదు!

‘అంటే నా తుపాకి నాది కాదంటరా?’ అని పెద్దాయన కలవరపడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోను వచ్చింది. వినికిడి తక్కువ గనుక గట్టిగా వినిపించే మీట నొక్కాడు. అవతలివాడు బేరగాడు. పట్నంలో ఒక ఆసామికి ఆ తుపాకి కావాలట. నేను ఇస్తానన్న దానికి రెట్టింపు ఇస్తాడట. ఇంట్లో పెళ్ళి ఉన్నదట, ఊరేగింపులో భుజాన ఉంటే దర్జాగా ఉంటుందట. పెద్దాయన నంబరు సంగతి చెప్పాడు. ‘నంబరుదేముంది పటేలా, ఏడు నెత్తి మీద గీత రాకితే ఒకటైతది. మా మిస్త్రీ అర గంటల చేసి పెడ్తడు’ అన్నాడు వాడు నవ్వుతూ.

నేను గతుక్కుమన్నాను. తుపాకి మీది నంబరును చెరపడం, మార్చడం నేరం. చట్టం మాట అటుంచి, నూరేళ్ళ నాటి అక్షరం మీద ఆకురాయి పెడతానన్నవాణ్ణి ఏమనాలి? పెళ్ళిలో సరదాకు పేల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కాని రెట్టింపు ధర రెట్టింపు ధరే. నేను ఇస్తానన్నది నా మూడు నెలల పింఛను. అంతకు మించి నా వల్ల కాదు. వద్దనమని చెప్పడానికి నేనెవరిని? తల వంచుకుని కూర్చున్నాను.

పెద్దాయన ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. ‘సారు, ఒక్క మాట అడుగుత. మీకెందుకిది? వేట లేదాయె. కొడుకుల్లేని కొంపల కావలికా? గోడకు పెట్టి పదిమందికి చూపెట్టనీకా?’

ఇంత దూరం వచ్చాను గాని, ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోలేదు. పాతకాలపు పనితనమని, సేకరణ అని ఏవో చెప్పవచ్చు. నోటికి వచ్చింది వేరే.

‘మా నాన్న తిరుమలగిరిలో సైన్యం వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉండేవాడు. ఇటువంటి బోల్టులే జీవితమంతా బాగుచేశాడు. వేళ్ళ సందున నూనె మరక పోయేది కాదు. అన్నానికి కూర్చుంటే ఆ వాసన వచ్చేది. వేల తుపాకులు ఆయన చేతి మీదుగా పోయాయి. ఒక్కటీ ఆయనది కాదు. ఆయన బాగుచేసినటువంటిది ఒక్కటి తుడిచి పెట్టుకుందామని.’

పెద్దాయన చాలాసేపు చేతికర్ర వంక చూశాడు. ‘ఎన్నికలప్పుడు ఠాణాల అప్పజెప్తరా?’

‘అప్పజెప్తాను.’

‘వానకాలంల నెలకు రెండు మాట్లు నూనె పెడ్తరా?’

‘పెడతాను.’

‘అయితే కాయిదం రాయుండ్రి’ అన్నాడు. ‘ఒకటిని ఏడు చేయమని నేనే పోయి అడుగుత. నా తుపాకి పేరు తప్పు రాసింది వాళ్ళు, దిద్దవలసింది వాళ్ళే. తుపాకిని దిద్దుడెందుకు?’

ఇద్దరం కలిసి రెండు అర్జీలు వ్రాశాము. నంబరు సవరించమని ఒకటి. అమ్మదలచుకున్నానని తెలియజేస్తూ మరొకటి. రెండోదాని మీద తేదీ వేయలేదు. మొదటిది తేలిన రోజున దాని మీద తేదీ పడుతుంది. అప్పటి నుంచి నలభై ఐదు రోజులు. డల్లాసులో ఒక మధ్యాహ్నం పట్టే బేరం ఇక్కడ ఒక ఋతువు పడుతుంది. విసుక్కున్న మాట నిజమే. కాని ఆ నలభై ఐదు రోజులూ లేకపోతే, ఈ పాటికి ఆ రైఫిలు రెట్టింపు ధరకు పెళ్ళి ఊరేగింపులో ఉండేదేమో! అమ్మేవాడు కొనేవాణ్ణి, ‘ఎందుకు?’ అని అడగడానికి వ్యవధి ఉన్నది గనుకనే అడిగాడు.

లేచి వస్తుంటే పెద్దాయన ఆగమని, తుపాకి మడమ కింది ఇత్తడి మూత తెరిచాడు. లోపల చిన్న నూనె సీసా, గొట్టం తుడిచే తాడు. తాడు కొసన సీసపు గుండు, నడుమ గుడ్డకు ఉచ్చు. ‘ఇది తీస్కపోండ్రి. దీనికి లైసెన్సు లేదు గద! తాడు మీ తాన ఉంటే, తుపాకి ఎట్లనన్న దాని ఎంబడి వస్తది’ అని నవ్వాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

తిరుగు ప్రయాణం మేడ్చల్ మీదుగా. అక్కడ బస్సెక్కి నాగపూరు రోడ్డున దక్షిణంగా వస్తుంటే పొద్దు వాలింది. కొంపల్లిలో పెళ్ళిమందిరాలకు దీపాలు వెలిగాయి; ఎక్కడో టపాకాయలు పేలితే ఉలిక్కిపడ్డాను. సుచిత్రలో దిగి, రోడ్డు దాటడానికి ఆగినప్పుడు జేబులో చెయ్యి పెట్టాను. తాడు చుట్ట చేతికి తగిలింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మా నాన్న అన్నానికి కూర్చున్నప్పుడు వచ్చిన వాసనే.